మొలకెత్తిన వడ్లు

కరువేడు గడిచి తొలకరి పడగానే, కొమరగిరి రాజు సేద్యం చేసే ప్రతి ఇంటికీ గంపెడు విత్తనవడ్లు ఇమ్మన్నాడు. పంచే అధికారి భుజంగరాయలు రాసిన జాబితాలో ముందున్నవాళ్లంతా నాగలి పట్టి ఎరగని పెద్దమనుషులే. దున్నే కౌలుదార్ల వంతు వచ్చేసరికి కొట్లో గింజ మిగలదు.

కౌలుసేద్యం చేసే నూకాలు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"పెద్దల తరవాతే మాకివ్వండి దొరా. కాకపోతే వడ్లు నానబోసి, గడ్డి కప్పి మండెకట్టి, మొలకలొచ్చాక పంచితే, రైతుకు పని తగ్గించారని జనం రాజుగారి పేరు చెప్పుకుంటారు."

భుజంగరాయలికి ఆ మాట నచ్చింది. వడ్లు అమ్మడమే తప్ప చల్లడం ఎరగడాయన.

నాలుగోనాడు గంపల మీది గడ్డి తీయగానే గుప్పున ఆవిరి లేచింది. బళ్లు కట్టుకొచ్చిన పెద్దలు తెల్లమొహాలు వేశారు. మొలకెత్తిన వడ్లను దాచలేరు, దంచలేరు, అమ్మలేరు. ఆ పూటే నారుమడిలో చల్లాలి. మడి సిద్ధం చేసుకున్నది కౌలుదార్లే. బళ్లన్నీ ఖాళీగా వెనక్కి మళ్లాయి, ఒక్కటి తప్ప.

"అది తమరి బండే కదా దొరా," అంది నూకాలు వినయంగా. "తమరి నారుమడి ఎక్కడో చెబితే నేనే చల్లివస్తాను."

భుజంగరాయలు గంపలో చెయ్యి పెట్టాడు. గింజలు పసిబిడ్డ ఒంటిలా వెచ్చగా తగిలాయి. ఇన్నేళ్లూ తాను అమ్ముకున్నది ప్రాణమున్నదాన్నా అనుకున్నాడు. తలపాగా తీసి చుట్టకుదురు చేసి నూకాలు తలమీద పెట్టి, దానిమీదికి గంప తానే ఎత్తాడు.