ఆవగింజంత

ఒక చిన్న సంస్థానంలో రాజుగారికి మూడు వారాలుగా నిద్ర లేదు. ఆస్థాన వైద్యుడు అనంతభట్టు నిద్రమందు కలిపి తెచ్చాడు. ఒంట్లో నల్లమందు ఉన్నవాడు అది తాగితే ఊపిరి ఆగిపోతుంది. అందుకని పరివారమంతా వింటుండగా గొంతు సవరించుకుని, “ప్రభువులకు నల్లమందు వ్యసనం ఏమైనా కలదా?” అని అడిగాడు.

“లేదు,” అన్నాడు రాజు.

ఆయన వేళ్లు వణకడం వైద్యుడి వెంట వచ్చిన సింగమ్మ చూసింది. ఆమె పని మందులు నూరడం.

“ఈ మందు ఆవిరి తగిలితే పక్కనున్నవాళ్లకి జుట్టు రాలుతుంది,” అందామె, ఎవరితోనో అన్నట్టు.

గది ఖాళీ అయింది. భట్టు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సింగమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది.

“నాకు రోజూ ఆవగింజంత పడితేగాని కన్ను మూతపడదు దొరా. మా ఆయన పోయినప్పటి నుంచీ అంతే. తమరికి అంత చిన్నది ఆనదేమో?”

రాజు గొంతు తగ్గించాడు.

“రాణి చనిపోయిన ఏడాది మినపగింజంత. ఇప్పుడు శనగగింజంత.”

సింగమ్మ నిద్రమందు గిన్నె తీసుకుని కిటికీలోంచి పారబోసింది.

తిరిగొచ్చే దారిలో భట్టు మెచ్చుకున్నాడు. “జుట్టు మాట అటుంచు. ఆవగింజ అబద్ధం బాగా అతికింది.”

“జుట్టు మాటొక్కటే అబద్ధమయ్యా.”

భట్టు ఆగిపోయాడు. “పదకొండేళ్లుగా మా పెరట్లో నూరుతున్నావు. ఎన్నడూ చెప్పలేదేం?”

“తమరు అడగలేదు కదయ్యా,” అంది సింగమ్మ. “అడిగినా, తమరు అడిగే తీరుకి లేదనే అనేదాన్ని.”