ఐదు రోజుల ఊపిరి

విస్సన్న వైద్యుల దగ్గర చేరినవాళ్లు మొదటి ఏడాది రోగిని ముట్టుకోవడానికి వీల్లేదు. ఆ ఏడాదంతా ఏ జబ్బూ లేనివాళ్లనే చూడాలి. పొలం నుంచి వచ్చినవాడి నాడి, కడుపునిండా తిన్నవాడి నాడి, చూలాలి నడక, ముసలివాళ్ల నిద్ర, పసివాళ్ల నిద్ర. చూసి వచ్చి చెబితే ఆయన ‘ఊ’ అని, రేపు మళ్లీ చూడమనేవారు. శిష్యులకు అదెంత విసుగో వేరే చెప్పాలా!

మృత్యుంజయుడు చేరి నెల తిరక్కుండానే ఆ విసుగును బయటపెట్టాడు. అతను వైద్యుడి కొడుకు. రోగ లక్షణాలన్నీ శ్లోకాలతో సహా నోటికి వచ్చు. నిద్రలో లేపి అడిగినా తడుముకోడు.

“గురువుగారూ, ఏమీ తెలియకుండా వచ్చినవాళ్లకు మొదటి ఏడాది కావలసిందే. చదువుకుని వచ్చినవాణ్ని నేరుగా చికిత్సలోకి తీసుకోకూడదా? మా నాన్నగారికి చూపు ఆనడం లేదు. మా ఊళ్లో రోగులు నా కోసం కాచుకుని ఉన్నారు. బాగున్నవాళ్లను చూస్తూ కూర్చోవడానికి నాకు ఏడాది ఎక్కడిది?”

అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. వైద్యులు మాత్రం వాదనకు దిగలేదు. ఆయనకు వాదించడం చేతకాదని గిట్టనివాళ్లు అనేవారు. ఒట్టి బద్ధకమని నా అనుమానం.

“నేతవాళ్ల వీధిలో గవరమ్మ కోడలు ప్రసవించి ఐదు రోజులైంది. బాలింతకు ఈ కషాయం ఇచ్చి రా. ఇక్కడి రోగిని పంపించి నేనూ వస్తాను” అన్నారు.

ఇచ్చి వచ్చేస్తే గొడవే లేకపోను. మృత్యుంజయుడు కషాయం గిన్నె కింద పెడుతూ, తల్లి పక్కన నిద్రపోతున్న బిడ్డను చూశాడు. బిడ్డ గబగబా ఊపిరి తీస్తున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. రొమ్ము కదలడం లేదు. అంతలో ఓ చిన్న ఎగశ్వాస, మళ్లీ గబగబా ఊపిరి, మళ్లీ ఆగడం. అతనికి శ్లోకం గుర్తొచ్చింది. గుర్తొచ్చినది నోట్లో ఆగలేదు.

“ఛిన్నశ్వాస” అన్నాడు.

బాలింత సీతాలు లేచి కూర్చుంది. “అంటే ఏటయ్యా?”

“ఊపిరి తెగి తెగి రావడం.”

“దానికి మందుందా?”

అబద్ధం చెప్పడం అతనికి రాదు. తెగి తెగి వచ్చే ఊపిరికి చికిత్స లేదని తను చదువుకున్నాడు. తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడమే ఇంటిల్లిపాదికీ అర్థమైంది. ముందుగదిలో మగ్గం ఆగింది. బిడ్డ తండ్రి చేతిలో పోగులు వేసే నాడె పట్టుకునే లోపలికి వచ్చి, భార్య మొహం చూసి, అలాగే వైద్యుల ఇంటివైపు పరుగెత్తాడు.

గవరమ్మ ఏడవలేదు. ఇంతకు ముందు ఇద్దరు మనవలను మట్టి చేసిన మనిషి; ఏడుస్తూ కూర్చుంటే ఏం పోతుందో ఆమెకు తెలుసు. కుంపటి ముందు కూర్చుని, పసుపుకొమ్ము ఒకటి నిప్పుల్లో పెట్టింది.

మృత్యుంజయుడికి అర్థమైంది. “చురకలా? వద్దమ్మా! ఐదు రోజుల బిడ్డ, తట్టుకోలేడు.”

“మరి నీకాడ మందుందా బాబూ?”

మృత్యుంజయుడే ఇందాక లేదని తల దించుకున్నాడు. చచ్చిపోయే బిడ్డ అన్న తర్వాత, కాల్చవద్దని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? కొమ్ము అంచు ఎర్రబడుతోంది. బిడ్డ ఊపిరి ఆగినప్పుడల్లా సీతాలు “బాబూ, బాబూ” అంటూ వాడి పాదాలు పట్టి ఊపుతోంది. మృత్యుంజయుడు తెలియకుండానే కుంపటికీ బిడ్డకూ మధ్యకు జరిగాడు. అంతకుమించి ఏం చెయ్యాలో అతనికి తోచలేదు. జీవితంలో అంత భయం ఎప్పుడూ ఎరగడు.

గవరమ్మ కొమ్ము పైకి తీసింది. “తప్పుకో బాబూ.”

“దాన్ని నిప్పుల్లోనే ఉండనీ గవరమ్మా, ఎక్కడికీ పోదు” అంటూ బిడ్డ తండ్రి వెంట వైద్యులు గుమ్మంలోకి వచ్చారు. ఆయనకూ ఆయాసంగానే ఉంది. చేతులు కడుక్కుని బిడ్డ పెదవుల రంగు చూశారు, అరికాళ్లు తడిమారు, చిటికెనవేలు పెదవులకు ఆనించారు. బిడ్డ మొహం చిట్లించి, ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చి, తల్లి రొమ్ము దొరకగానే ఆబగా తాగి, మళ్లీ నిద్రపోయాడు. కాసేపటికి ఊపిరి ఆగింది. ఎవరూ కదలలేదు. ఊపిరి వచ్చింది.

“ఒళ్లు వెచ్చగా ఉంది, పెదవులు ఎర్రగా ఉన్నాయి, పాలు లాగుతున్నాడు. వీడికి ఏ జబ్బూ లేదు. ఈ వయసులో బిడ్డలందరూ నిద్రలో ఇలాగే ఊపిరి తీస్తారు” అని, శిష్యుడి వైపు తిరిగారు. “నిద్రపోయే పసిబిడ్డ పక్కన ఎప్పుడైనా కూర్చున్నావా?”

“లేదండీ.”

గవరమ్మ కుంపటిలో నీళ్లు కుమ్మరించి, అప్పుడు ఏడ్చింది. సీతాలు మాత్రం బిడ్డను పక్కమీద పడుకోబెట్టనంది. గురువుగారు ఎంత నచ్చజెప్పినా ఆమె కళ్లు మృత్యుంజయుడి మీదే ఉన్నాయి. మొదట విన్న మాట ఆమెను వదల్లేదు. పిల్లవాణ్ని గుండెకు అదుముకుని, రెప్ప వెయ్యకుండా కూర్చుంది.

“ఈమె నిద్రపోయేదాకా నువ్విక్కడే ఉండు” అని చెప్పి వైద్యులు వెళ్లిపోయారు.

మధ్యాహ్నమంతా మృత్యుంజయుడు అక్కడే కూర్చున్నాడు. ఊపిరి ఆగినప్పుడల్లా సీతాలు అతని మొహం చూసేది. అతను బెదరకుండా ఉండాలి. మొదట్లో ఉండలేకపోయాడు, తన ఊపిరీ బిడ్డతోపాటే ఆగేది. అతని మొహం కాస్త కుదుటపడ్డాకే ఆమె బిడ్డను పక్కలో వేసుకుంది. కాసేపటికి నిద్రపోయింది.

పొద్దు వాలుతుండగా వైద్యులు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మృత్యుంజయుడు లేవలేదు.

“ఇంకా ఆగుతూనే ఉంది గురువుగారూ” అన్నాడు గుసగుసగా.

“ఆగనీ. వాడు ఊపిరి తీయడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు. వాడికి లేని తొందర మనకెందుకు?” అన్నారాయన, చెప్పులు విడిచి తనూ పక్కన కూర్చుంటూ.