నీలవేణి పందెం బల్ల

మండపేటలో నూకరాజు ఇంట్లో నలుగురు మనుషులు. ఆ నలుగురికీ కలిపి నాలుగూళ్ళకి సరిపడా తెలివుందని నూకరాజు నమ్మకం. "మా ఇంట్లో ఏ మాట చెప్పినా పొల్లుపోకుండా చేసేస్తామండీ. అదీ తెలివంటే!" అని ఎదురింటివాళ్ళతో అనేవాడు. వాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వుకునేవారు. ఆ నవ్వు మెచ్చుకోలే అనుకునేవాడు ఈయన.

భార్య అచ్చియ్యమ్మ, బావమరిది సూరిబాబు, కూతురు నీలవేణి, ఇదీ ఆయన సంసారం. నీలవేణి కంప్యూటర్లో కారు పందేలాడుతుంది. పిల్ల కీబోర్డు మీద చెయ్యి వేసిందంటే జిల్లాలో ఎవరూ నిలవలేరు. కాకపోతే పోయినసారి ఇస్త్రీబల్ల మీద పెట్టుకుని ఆడితే, మలుపు మలుపుకీ బల్ల ఊగి కారు కాస్తా కాలవలో పడింది. పిల్ల రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నూకరాజుకీ ముద్ద దిగలేదు. ఇప్పుడీ ఆదివారం సాయంత్రం నాలుగింటికి రాష్ట్రం మొత్తానికీ ఆఖరి పందెం.

"నాన్నా, నా గదిలో గోడకి సరిపోయే బల్ల కావాలి. అస్సలు కదలకూడదు" అంది నీలవేణి ఆదివారం పొద్దున్నే.

"నీకెందుకమ్మా, మేం లేమూ!" అన్నాడు నూకరాజు.

బల్లల కొట్టాయనకి ఫోన్ చేస్తే, గోడ కొలత తీసుకురమ్మన్నాడు. ఇంకేముంది! ఒక పురికొస తెచ్చి, ఈ చివర బావ, ఆ చివర బావమరిది పట్టుకుని గోడకి ఆనించారు. కొలత బ్రహ్మాండంగా వచ్చింది.

"సూరీ, వదిలావంటే కొలత పోతుందిరోయ్!"

"నువ్వొదలకు బావా! నా చివర్న ఢోకా లేదు."

అంతే, పురికొస బిగలాగి పట్టుకుని ముందొకడు, వెనకొకడు బజారున పడ్డారు. ఒక మోటారుసైకిలాయన మధ్యలోంచి దూరబోతే, "మా గోడలోంచి వెళ్తావేంటయ్యా!" అని నూకరాజు కసురుకున్నాడు. పాపం, ఆయన బండి దిగి పక్క సందులోంచి పోయాడు.

కొట్టాయన ఆ పురికొసని ఎగాదిగా చూశాడు. తన టేపుతో కొలుచుకుని ఒక నల్లటి బల్ల చూపించాడు. "గేములకైతే ఇదే తీసుకోండి. వెడల్పుంది, కింద కాళ్ళు చాపుకోవచ్చు."

"కదలదు కదా?"

"రాయిలా ఉంటుందండి. కావలిస్తే మీరే చూసుకోండి."

చూసుకోమన్నాక చూడాలి కదా! ఇద్దరూ చెరో కుర్చీ లాక్కుని బల్లకి ఎదురుగా కూర్చున్నారు. నేను రెప్పవేస్తే నువ్వు చూడు, నువ్వు వేస్తే నేను చూస్తానని ఒప్పందం చేసుకుని పావుగంట చూశారు. బల్ల కదల్లేదు. పక్కనున్న బల్లలూ కదల్లేదుగానీ, వాటిని ఎవరూ చూడలేదు కాబట్టి వాటి సంగతి చెప్పలేం.

"ఇదే మా అమ్మాయి బల్ల!" అన్నాడు నూకరాజు.

తీరా కూలీలు దాన్ని ఎత్తి ఆటోలో పెడుతుంటే నూకరాజు అడ్డంగా పరిగెత్తాడు. "అయ్యయ్యో, కదులుతోంది! ఆపండి, ఆపండి!" అని వీధంతా వినబడేలా అరిచాడు. కొట్టాయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "మీరు కదపకపోతే అదీ కదలదు బాబూ. ఇక వెళ్ళిరండి" అని తనే ఆటో తోసి పంపించాడు.

ఇంటికొచ్చాక బల్ల గది గుమ్మంలో ఇరుక్కుంది. లోపలికీ పోదు, బయటికీ రాదు. నూకరాజు మళ్ళీ ఫోన్ చేశాడు.

"కంగారుపడకండి. నిదానంగా ముందు సగం పోనివ్వండి. అది లోపలికి వెళ్ళాక మిగతా సగం" అన్నాడు కొట్టాయన.

"విన్నావా సూరీ? ముందు సగం, తర్వాత మిగతా సగం!"

అంతే, సూరిబాబు పరిగెత్తుకెళ్ళి వడ్రంగి దగ్గర రంపం అడిగి తెచ్చాడు. చెమటలు కారేలా కోస్తే గంటకి బల్ల రెండు ముక్కలయింది. ముందు సగం వెళ్ళింది, తర్వాత మిగతా సగమూ వెళ్ళింది. "చూశావా, ఆయన చెప్పినట్టే పట్టింది! అనుభవం ఊరికే పోతుందా?" అని నూకరాజు మురిసిపోయాడు.

పట్టిందిగానీ నిలబడదే! సగానికి రెండేసి కాళ్ళు మిగిలాయి. ఇటు నిలబెడితే అటు ఒరుగుతోంది.

"మేమందరం రెండు కాళ్ళ మీదే నిలబడట్లేదూ? నీకేం రోగం?" అని సూరిబాబు బల్లని చెడామడా తిట్టాడు. బల్ల పడుకునే వింది.

గడియారం మూడున్నర కొట్టింది. నీలవేణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి నూకరాజు చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఏడవకమ్మా. తక్కువైన కాళ్ళు మేమున్నాం!" అన్నాడు.

అంతే, ఒక సగం కింద నూకరాజు, ఇంకో సగం కింద సూరిబాబు చతికిలబడి రెండేసి చేతులతో ఎత్తి పట్టుకున్నారు. పైన కంప్యూటర్ పెట్టారు. అది వేడెక్కకుండా గాలి తగలాలి అని నీలవేణి అంటే, అచ్చియ్యమ్మ విసనకర్ర తెచ్చి దానికి విసరడం మొదలుపెట్టింది.

నాలుగయింది. స్పీకర్లోంచి పందెం నడిపే పెద్దాయన గొంతు ఖంగుమంది. "ఆటగాళ్ళందరికీ గట్టిగా చప్పట్లు కొట్టండి!"

కొట్టారు. ఇంకేముంది! బల్ల కిందికి, కంప్యూటర్ అచ్చియ్యమ్మ ఒళ్ళోకి. అదృష్టం బాగుండి దేనికీ దెబ్బ తగల్లేదు.

"ఎందుకొదిలారు నాన్నా!"

"కొట్టమన్నాక కొట్టకపోతే ఏం బావుంటుందమ్మా? ఒంటిచేత్తో చప్పట్లెలా కొడతాం?"

సూరిబాబు బుర్ర గోక్కుని ఒక్కసారి ఎగిరి గంతేశాడు. "బావా! నాదో చెయ్యి, నీదో చెయ్యి! మిగిలిన చేతులు బల్లకి!" మళ్ళీ బల్లెత్తి కొట్టి చూశారు. టప్‌మని మోగింది. బల్ల చెక్కుచెదరలేదు. తమ తెలివికి నూకరాజుకే కళ్ళు చెమ్మగిల్లాయి.

పందెం మొదలయింది. నీలవేణి కారు ఒక్కొక్కళ్ళనీ దాటేస్తోంది. నూకరాజు మెడ పట్టేసింది, చేతులు మంటలెత్తాయి. అయినా కిందనుంచి "పోనీ తల్లీ, పోనీ!" అంటూనే ఉన్నాడు. ఆఖరి చుట్టు, ఆఖరి మలుపు. నీలవేణి అందరికన్నా ముందుంది. గెలుపు గీత కనబడుతోంది.

"ఆహా, మండపేట నీలవేణి!" అన్నాడు పెద్దాయన స్పీకర్లోంచి. "ఇంత గొప్ప పిల్లని పెంచిన ఆ ఇంటిల్లిపాదికీ నా నమస్కారం!"

సూరిబాబు ఒక చెయ్యి చాపాడు. నూకరాజు తల అడ్డంగా ఊపాడు. చప్పట్లంటే సరేగానీ, అంతటివాడు నమస్కారం పెడితే ఇద్దరం కలిసి ఒకటి పెట్టడం మర్యాదేనా? "ఎవరిది వాళ్ళే పెట్టాలి సూరీ!"

అంతే. రెండు సగాలూ దబ్బున కూలాయి. అచ్చియ్యమ్మ కూడా విసనకర్ర పక్కన పెట్టి చేతులు జోడించింది కాబట్టి, కంప్యూటర్ని పట్టుకునేవాళ్ళు లేరు. అది నేలకి తగిలి తెర చీకటయిపోయింది.

పిల్ల ఆశంతా మట్టిలో కలిపేశాను, ఇక దాని మొహమెలా చూడను అనుకుంటూ నూకరాజు తలెత్తాడు. నీలవేణి కుర్చీలోంచి లేచి నిలబడుంది. రెండు చేతులూ జోడించి, బల్ల లేని చోటుకి భక్తిగా వంగుతోంది.

"బాధపడకు నాన్నా" అంది. "ఆయన నమస్కారం అనగానే నేనే కారు పక్కకి ఆపేశాను. పెద్దవాళ్ళకి బండి మీద కూర్చుని పెడతామా ఏంటి?"