చేను మేసిన పద్యం

నల్లగట్టు రాజ్యాన్ని మల్లభూపతి ఏలుతున్న కాలం నాటి మాట ఇది. రాజ్యం చిన్నదే గానీ, రాజుగారి బిరుదుల జాబితా మాత్రం చాంతాడంత. ఏటా పట్టాభిషేకం జరిగిన తిథినాడు ఆస్థానకవి విరూపన్న ఆయన్ని ఏదో ఒక జంతువుతో పోల్చి పద్యం చెప్పాలి. ఆ ఏటికి అదే బిరుదు. సింహం, ఏనుగు, పులి అన్నీ అయిపోయాయి.

కిందటేడు ఇంకేమీ తోచక విరూపన్న, "మా రాజు ఏలుబడిలో జింకలు సైతం నిర్భయంగా మేస్తాయి" అని పద్యం చెప్పి గట్టెక్కాడు. రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. పద్యం అబద్ధం కాకూడదని, జింకను తోలినవాడికి కొరడాదెబ్బలని చాటింపు వేయించాడు.

ఈ ఏడు ఉత్సవం మూడు రోజులుందనగా చెంగమ్మ అనే రైతు కవిగారి గుమ్మంలోకి వచ్చింది.

"జింకల పద్యం చెప్పింది తమరేనా సామీ?"

"నేనేనమ్మా," అన్నాడు విరూపన్న, పొగుడుతుందనుకుని.

"మీ పద్యం నా కొర్రచేనంతా మేసేసింది. గట్టు పక్కన కాస్త మిగిలింది. అదీ పోతే నా బిడ్డలకు పస్తే."

ఆ పూట విరూపన్నకు అన్నం సయించలేదు. ప్రాస కుదిరిందని మురిసిపోయాడే తప్ప, ఆ జింకలు ఎవరి చేలో మేస్తాయో తను ఆలోచించనే లేదు. తన మీద తనకే రోత పుట్టింది.

ఉత్సవం నాడు రాజు మీసం దువ్వుతూ అడిగాడు. "ఈసారి మమ్మల్ని దేనితో పోలుస్తారు కవిగారూ?"

"జింకతో, ప్రభూ."

సభంతా నోరెళ్లబెట్టింది. రాజు మొహం కందగడ్డలా అయింది. "జింకా! మేమంత పిరికివాళ్లమా?"

"చిత్తగించండి. సింహమైనా వేటాడితే గానీ తినలేదు. ఏనుగైనా అంకుశానికి లొంగాల్సిందే. తమ రాజ్యంలో జింక ఒక్కటే ఎవరి చేలోనైనా దూరి కడుపునిండా మేస్తుంది. కర్ర ఎత్తేవాడు లేడు, ఇదేమని అడిగేవాడు లేడు. అంతటి అధికారం తమకు తప్ప ఇంకెవరికుంది?"

రాజు గద్దె మీంచి ముందుకు వంగాడు. "అంటే, మేం జనం చేలు మేస్తున్నామంటావు!"

"మేపింది నేను, ప్రభూ. ఆ పద్యం చెప్పిన నోరు నాది. దండించాలంటే ముందు నన్నే దండించండి."

రాజు ఉండబట్టలేక పకపకా నవ్వాడు. "తిట్టినా బిరుదు ఇచ్చినట్టే తిట్టావయ్యా!" అని చాటింపు రద్దు చేసి, ఏం కావాలో కోరుకోమన్నాడు. పంట పోయినవాళ్లకు విత్తనాలు, కొత్త పంట వచ్చేదాకా తిండిగింజలు ఇప్పించమన్నాడు విరూపన్న. రాజు సరేనన్నాడు.

ఆ సాయంత్రమే గింజల బండి వెంట విరూపన్న చెంగమ్మ చేనికి వెళ్లాడు. గట్టు పక్కన మిగిలిన కాస్తా ఈ మూడు రోజుల్లో పోయింది. ఆయన తల వంచుకుని, "నా వల్లే తల్లీ, తప్పయిపోయింది" అన్నాడు.

చెంగమ్మ మూట దించుకుంది. "గింజలు తెచ్చారు, సంతోసం సామీ. ఈసారి పద్యం కట్టేముందు మాత్రం ఒక్కసారి మా చేలల్లో నడిచి పొండి."