నేలమ్మ ఇచ్చిన హస్తవాసి

కంకణాలమిట్టకు రైలులో వచ్చే యాత్రికులకు మొదట కనిపించేవి గోపురాలు కావు, కర్మాగారాల తెల్లని పైకప్పులు. ఫోన్లు, టీవీలు, ఆసుపత్రి పరికరాలు, వాటి లోపలి చిప్పులు ఈ నగరంలో తయారవుతాయి. ఆ కప్పుల నడుమ ఒక ఎర్రమట్టి దిబ్బ, దానిమీద కప్పు లేని చిన్న గుడి. అదే నేలమ్మ తల్లి సన్నిధి. ఇక్కడ విగ్రహం లేదు, నేలే అమ్మవారు. పాదాల చోట మాత్రం పాతకాలపు క్యాలిక్యులేటర్ ఒకటి ఉంటుంది. అది వెలగదు. వెలగనిదానికి పూజ ఎందుకో తెలియాలంటే కథ మొదటినుంచి వినాలి.

పూర్వం ఇక్కడ మేకలు తిరిగేవి. పూర్వమంటే కృతయుగం అనుకునేరు, క్యాలిక్యులేటర్లు కొత్తగా వచ్చిన రోజులు. అప్పుడు ఊరి పేరు మేకలమిట్ట. మిట్ట పక్కన రేకుల షెడ్డు వేసి, రఘునాథం గారనే ఇంజనీరు నలభైమంది ఆడవాళ్ళకు క్యాలిక్యులేటర్లు కూర్చడం నేర్పారు. వారిలో కదిరమ్మ అంతకుముందు మేకలు కాసిన మనిషి. మేకల కాళ్ళలో ముళ్ళు తీసిన వేళ్ళు కాబట్టి, పెసరబద్దంత చిప్పును కూడా నొప్పి తెలియనట్టు పట్టుకునేది. ఆమె కూర్చిన క్యాలిక్యులేటర్ పెట్టె వెలగాల్సిందే. "కదిరక్క హస్తవాసి" అని అందరూ చెప్పుకునేవారు.

దీపావళికి యజమానులు సంతోషించి అందరికీ నైలాన్ చీరలు పంచారు. మట్టినేలకు గచ్చు వేయించి, రబ్బరు చెప్పులు తప్పనిసరి చేశారు. వానలు వెళ్ళాయి, గాలి పొడిబారింది. అప్పటినుంచి కూర్చిన పెట్టెలు కూర్చినట్టే చచ్చిపోసాగాయి. గుమ్మడికాయ కొట్టారు, మిరపకాయలు దిగదుడిచారు, ఫలితం లేదు. అందరికంటే ఎక్కువ చేసేది కదిరమ్మే కనుక చచ్చినవీ ఆమె బల్లమీదే ఎక్కువ. ఇది చిన్న లెక్కే. కానీ దిగులులో ఉన్నవారికి చిన్న లెక్కే తప్పుతుంది.

"నీ చెయ్యి మంచిది కాదు కదిరక్కా, నువ్వు మళ్ళా మేకల్లోకి పో" అన్నారు తోటివాళ్ళు.

ఇంతలో పట్నం నుంచి యజమానుల ఉత్తరం వచ్చింది. వచ్చే నూరు పెట్టెల్లో సగం చెడినా షెడ్డు మూసేస్తామని దాని సారాంశం.

ఆ మధ్యాహ్నం కదిరమ్మ సద్దిమూట పట్టుకుని మిట్ట ఎక్కింది. చెప్పులు విడిచి మట్టిమీద ఒరిగింది. మేకల మెడగంటలు దూరమవుతూ, దూరమవుతూ ఒకే శబ్దంగా కరిగిపోయాయి. అది నిద్రో మెలకువో చెప్పలేం. మట్టి ఊపిరి పీల్చినట్టు మెల్లగా లేచి, ఒక ముసలమ్మగా కూర్చుంది. ఒళ్ళంతా ఎరుపు, మోకాలి మీద చీమలబారు. ఆమె కదిరమ్మ మణికట్టు పట్టుకుంది. కదిరమ్మ వేలి కొసనుంచి మిణుగురు ఒకటి జారి నేలలో ఇంకిపోయింది.

"చేతిలో పిడుగు పెట్టుకోని ఆ పసికూనల్ని తాకుతాండావేమే?" అంది ముసలమ్మ.

"పిడుగా? నాకేం తెల్సు తల్లీ!"

"తెలీకనే చంపుతాండావు. దాన్ని నాకిచ్చి పో, నేను పిడుగులు తాగేదాన్ని. నా చెయ్యి మాత్రం వదలబాక."

మెలకువ వచ్చేసరికి మణికట్టు చుట్టూ ఎర్రమట్టి గాజులా అంటుకుని ఉంది.

ఆమె పరుగున వెళ్ళి చెబితే షెడ్డంతా నవ్వింది. "సద్ది ఎక్కువైంది" అన్నారెవరో. రఘునాథం గారు నవ్వలేదు. ఆయన కప్పుమీది పిడుగుకడ్డీ వైపు చూస్తున్నారు. దాని రాగిపట్టీ గోడ వెంట దిగి నేలలోకే పోతుంది. పొడిగాలిలో నైలాన్ చీర మడతపెడితే చిటపటమంటుంది కదా, అది బుల్లి పిడుగే. మనకు చురుక్కుమనకపోయినా చిప్పుకు ప్రాణం పోతుంది. వట్టి కాళ్ళు మట్టిని తాకినంతకాలం అది నేలలోకి జారిపోయేది. రబ్బరు చెప్పులు ఆ దారి మూసేశాయి.

కదిరమ్మ ఒరిగిన చోటనే గుంట తవ్వి రాగిపలక పాతారు. అక్కడినుంచి తీగ లాగి, ఆమెకు షాకు తగలకుండా నడుమ పూసంత భాగమొకటి అతికి, మణికట్టుకు కంకణంలా కట్టారు. ఆమె పాత నూలుచీర కట్టి, వట్టికాళ్ళతో బల్లముందు కూర్చుంది. మూడు రోజులు ఆ నూరు పెట్టెలే కూర్చింది.

మూడోనాటి సాయంత్రం ఒక్కొక్క మీటా నొక్కారు. ఎర్రని అంకెలు ఒకదాని వెంట ఒకటి కళ్ళు తెరిచాయి. తొంభై తొమ్మిది వెలిగాయి. నూరవదానికి ఇంకా మూత బిగించలేదు. ఆనందం పట్టలేక రఘునాథం గారు దాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. అది వెలగలేదు. అందరూ ఆయన కాళ్ళవైపు చూశారు. రబ్బరు చెప్పులు.

"మీ చెయ్యి మంచిది కాదు సారూ, మేకల్లోకి పోండి!" అంది కదిరమ్మ.

ఆయన చెప్పులు విడిచి మట్టికి మొక్కారు. షెడ్డు నిలిచింది.

ఇక్కడి సరుకు చావదని దేశమంతా పేరు పాకింది. ఒక షెడ్డు నాలుగయింది, నాలుగు నలభై అయ్యాయి. కదిరమ్మ పని నేర్పే బడి పెట్టింది. ఆ బడిలో చదివినవారే తర్వాత ఎన్నో కొత్త పరికరాలు కనిపెట్టారు. కొత్త కర్మాగారం పెట్టేవారు ఈ మిట్ట మట్టి కుండెడు తీసుకెళ్ళి తమ రాగిపలకమీద పోయడం ఆచారమయింది. మేకలమిట్ట కంకణాలమిట్ట అయింది.

నేటికీ పనిలో చేరేవారు తొలిరోజు ఇక్కడి మట్టి తాకి, "నా పిడుగు నీకు, నీ చల్లదనం నాకు" అని చెప్పుకుని, ఎర్రపూస ఉన్న కంకణం కట్టుకుంటారు. ఆ పూస నాటి తీగలోని భాగానికి గుర్తు. దర్జీలు, సూదిమందు వేసే నర్సులు, ఆవకాయ కలపబోయే ఇల్లాళ్ళు కూడా వస్తారు. చేతిని నమ్ముకున్నవారికి అమ్మ హస్తవాసి ఇస్తుంది.

వెలిగిన తొంభై తొమ్మిదీ ఎక్కడెక్కడికి చేరాయో ఎవరికీ తెలియదు. వెలగనిది మాత్రం తల్లి దగ్గరే ఉండిపోయింది. సంధ్యవేళ కదిరమ్మ మనుమరాలు దానిముందు హారతి తిప్పినప్పుడు, ఆ గాజుకిటికీలో ఎర్రగా ఏదో కదులుతుంది. హారతి వెలుగేనని అందరికీ తెలుసు. అయినా ఆ క్షణాన ఎవరూ రెప్ప వేయరు. చూడదలచినవారు ఆ వేళకు రండి. చెప్పులు మెట్ల కిందే విడిచి రండి.