ఆరువందల నలభై మిల్లీమీటర్లు

వెనక రెండు చక్రాల దగ్గరా కొలత సరిగ్గా ఉంది. అయినా అప్పన్న మేస్త్రీ కారును షెడ్డు దాటనివ్వడం లేదు. ఎందుకో యుగంధర్‌కి అంతుపట్టలేదు.

గాజువాక ఆటోనగర్‌లో మేస్త్రీ షెడ్డుకి ఒక పద్ధతి ఉంది. పని అయిందని ఆయన ఒప్పుకున్నాకే, ఆ పని చేసినవాడు తన చేత్తో ఓనరుకి తాళం ఇస్తాడు. యుగంధర్ అక్కడ చేరి మూడేళ్లయింది. ఇంతవరకు ఒక్క తాళం కూడా అతని చేతి మీదుగా వెళ్లలేదు. ఈ కారు మాత్రం మొదటి నుంచి చివరిదాకా నువ్వే చూసుకో అన్నాడు మేస్త్రీ. సాయంత్రం నాలుగింటికి ఓనరు వస్తాడు.

పాత విదేశీ కారది. వెనక చక్రాల దగ్గర స్ప్రింగులకు బదులు రబ్బరు గాలిసంచులు ఉండేవి. మనుషులు ఎక్కి బండి కుంగితే, ఒక చిన్న పంపు దానంతటదే గాలి నింపి మళ్లీ పాత ఎత్తుకి లేపేది. సంచులు చిరిగిపోయాయి. కొత్తవి ఎక్కడా దొరకలేదు.

"అవన్నీ తీసేసి స్ప్రింగులు పెట్టేయండి. ఎత్తు మార్చుకునే రకం ఉంటాయట కదా, అవి. బండిని కొంచెం కిందకి దించాలి," అన్నారు ఓనరు కరుణాకర్ గారు.

యుగంధర్ మరలున్న స్ప్రింగులు తెప్పించాడు. వాటి రింగు ఒక చుట్టు తిప్పితే వెనక భాగం మూడు మిల్లీమీటర్లు లేస్తుంది, లేదా దిగుతుంది. నేల నుంచి చక్రం పైనున్న రేకు అంచు దాకా పాత ఎత్తు ఆరువందల ఎనభై. ఇలా దించిన బండ్ల ఫొటోలు ఫోన్లో ఓ వంద చూసి, నలభై తగ్గిస్తే అందంగా ఉంటుందని తేల్చుకున్నాడు. ఎడమవైపు ఆరువందల నలభై. కుడివైపూ ఆరువందల నలభై. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఒకసారి చూడండి మేస్త్రీ. ఎలా ఉంది?"

"బాగుంది."

"మరేటి తక్కువ?"

మేస్త్రీ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. వెనక తలుపు తీసి సీట్లో కూర్చున్నాడు.

"కొలిచి చూడు," అన్నాడు.

యుగంధర్ టేపు పట్టాడు. "ఆరువందల ముప్పై రెండు."

అప్పుడే టీ కొట్టు సూరిబాబు గ్లాసులతో వచ్చాడు. మేస్త్రీ పక్కకి జరిగి సీటు మీద చేత్తో తట్టాడు.

"నేనెందుకు మేస్త్రీ?"

"ఊరికే. కూర్చో."

"ఆరువందల ఇరవై నాలుగు," అన్నాడు యుగంధర్.

పక్క షెడ్డులో లేత్ మిషను నడిపే ఎర్రినాయుడు ఏమిటీ సందడి అని తొంగిచూశాడు. మేస్త్రీ అతన్నీ పిలిచాడు. ఎర్రినాయుడు ఎక్కగానే కారు మూలిగింది.

"ఆరువందల పదకొండు."

"నాయుడూ, నువ్వొక్కడివే పదమూడు," అన్నాడు సూరిబాబు ఇరుక్కుపోయి. "మేమిద్దరం కలిసి పదహారు."

"తిన్న తిండి దాచుకోలేను కదా. ఏ పెళ్లికి తీసుకెళ్తన్నారు మమ్మల్ని?"

"గేటు దాకా," అన్నాడు మేస్త్రీ. "పోనీ యుగా."

యుగంధర్ స్టీరింగు పట్టుకున్నాడు. ఆటోనగర్ గేటు దగ్గర ఎత్తైన స్పీడ్ బ్రేకర్ ఉంది. ముందు చక్రాలు మెత్తగా దాటాయి. వెనకవి దాటుతుంటే కింద గర్రుమని రాపిడి. అందరి పాదాలకూ తెలిసింది.

"ఏదో ఊడింది," అన్నాడు సూరిబాబు.

"ఊడలేదు. అడుగు తగిలింది," అన్నాడు యుగంధర్. అతని చెవులు ఎర్రబడ్డాయి.

తిరిగి వచ్చేలోపే అతను లెక్క కట్టేశాడు. "పది చుట్లు పైకి తిప్పేస్తాను మేస్త్రీ. ఆరువందల డెబ్బై అవుతుంది. నలుగురు ఎక్కినా తగలదు. అరగంట పని. నాలుగింటికి ఇచ్చేయొచ్చు."

"మంచిదే. నలుగురూ దిగిపోతే?"

యుగంధర్ మళ్లీ లెక్క కట్టాడు. దిగిపోతే బండి ఆ డెబ్బై దగ్గరే నిలబడుతుంది. ఓనరు దించమన్న బండి, దాదాపు దించనట్టే.

ఎర్రినాయుడు, సూరిబాబు దిగి వెళ్లారు. మేస్త్రీ చల్లారిన టీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"ఎవరెక్కినా ఆ పాత పంపు పట్టించుకునేది. దాన్ని నువ్వు పీకేశావు," అన్నాడు. తర్వాత జేబులోంచి కారు తాళం తీసి యుగంధర్ చేతిలో పెట్టాడు. "బండి నీది. నాలుగింటికి ఇస్తావో, ఇవ్వవో, నీ ఇష్టం."

ఆయన పక్కనున్న వ్యాను కిందకి దూరిపోయాడు.

యుగంధర్ తాళం జేబులో వేసుకున్నాడు. తర్వాత కరుణాకర్ గారికి ఫోన్ చేశాడు.

"సార్, ఇవాళ రాకండి. బండి కాలేదు."

"అయిపోయిందని పొద్దున నువ్వే చెప్పావు కదయ్యా."

"చెప్పాను సార్. ఒకటి అడగాలి. మీ బండిలో ఎప్పుడూ ఎవరెవరు ఎక్కుతారు?"

"దానికీ స్ప్రింగులకీ ఏం సంబంధం?"

"ఉంది సార్. నాకూ ఇప్పుడే తెలిసింది."

"మా అక్క," అన్నారు కరుణాకర్ గారు. "రోజూ స్కూలు దగ్గర దింపుతాను. లెక్కల టీచరు. చిన్నప్పటి నుంచి కుడికాలికి ఇనపపట్టీ. సీటు ఎత్తుగా ఉంటే కాలు లోపలికి పెట్టడానికి కష్టపడుతుంది. అందుకే దించమన్నాను. నీకు చెప్పలేదా?"

ఫోన్లో చూసిన వంద ఫొటోల్లో ఒక్కదాన్లోనూ లోపల మనిషి లేడని యుగంధర్‌కి ఇప్పుడు గుర్తొచ్చింది.

"నేను అడగలేదు సార్. ఆవిడ ఏ వైపు నుంచి ఎక్కుతారు?"

"వెనక, ఎడమవైపు."

"ఇంకెవరైనా?"

"శనివారాలు వాళ్ల పిల్లలిద్దరు. ఎప్పుడైనా బావ."

"రేపు ఆవిడని ఒకసారి షెడ్డుకి తీసుకురాగలరా? వీలైతే పిల్లల్ని కూడా."

ఆయన సరేనన్నారు.

వ్యాను కింద స్పానరు చప్పుడు ఆగింది.

"ఎంతకి పెడతావు యుగా?" అని వినిపించింది.

అడిగిన మాట పూర్తి కాకముందే అంకె చెప్పేయడం యుగంధర్‌కి అలవాటు. ఈసారి అతను నేల మీద చతికిలబడి, కారు వెనక ఎడమ తలుపు తెరిచి, ఖాళీ సీటు వైపు చాలాసేపు చూశాడు.

"ఆవిడ కూర్చున్నాక చెప్తాను మేస్త్రీ."