చేతిముద్ద తినని దొర

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే గోడలూ గడపలూ ఉన్న ఊరు కాదు బంగారూ, గొర్రెల మంద ఎక్కడ ఆగితే అదే వాళ్ళకి ఊరు. అలాంటి చోట నీలవ్వ అనే పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న మైలారయ్య గొర్రెల కాపరి. కోత అయిపోయిన చేలో మందని నాలుగు రోజులు నిలిపి, చేనుకి ఎరువు వేసి, ఇంకో చేనుకి కదిలిపోతారు వాళ్ళు. ఆడుకుందామంటే ఆ మందలో నీలవ్వ ఈడు పిల్లలు ఒక్కరూ లేరు.

ఒకసారి మైలారయ్య ఒక గొర్రెపిల్లని ఇచ్చి, బదులుగా ఒక కుక్కని తెచ్చాడు. పొడుగు కాళ్ళు, సన్న నడుము, కోల మూతి. వెంటపడితే తోడేలే అలిసిపోవాలి. కానీ అది తోక ఊపదు. పిలిస్తే రాదు. ఒక్కసారి చూసి, తల పక్కకి తిప్పుకుని, దూరంగా గట్టు మీద కూర్చుంటుంది.

"కుక్కను తెమ్మంటే దొరను తెచ్చినవేందిరా" అని మందపెద్ద బుగ్గయ్య నవ్వాడు. అప్పట్నుంచీ దాని పేరు దొర. నీలవ్వకి మాత్రం వాడంటే ప్రాణం.

ఆ మందలో ఒక పద్ధతి ఉండేది. కొత్త కుక్క వస్తే జొన్నముద్ద అరచేతిలో పెట్టి మూడు పొద్దులు అందించాలి. తింటే మనది. మూడో పొద్దుకీ తినకపోతే మనది కాదు, పంపించెయ్యాలి.

మొదటి పొద్దున మైలారయ్య ముద్ద అందించాడు. దొర పెద్దగా ఆవులించాడు.

"చూడుండ్రి, మన ముద్ద చూస్తే దొరకు నిద్రొస్తుంది" అన్నాడు బుగ్గయ్య. అందరూ నవ్వారు. నీలవ్వ నవ్వలేదు. ఆ రోజంతా దొరనే చూస్తూ కూర్చుంది. కొత్త ఎద్దు పక్కనుంచి పోతే ఆవులించాడు. ఎవరో గట్టిగా కసిరితే ఆవులించాడు. అప్పుడు ఆ పిల్లకి అర్థమైంది, అది నిద్ర కాదు, బెదురు.

రెండో పొద్దున దొర మూతి నాక్కుని మొహం తిప్పుకున్నాడు. "పొగరు" అన్నారు అందరూ. అప్పుడు నీలవ్వ ఆ ముద్దని ఒక బండ మీద పెట్టి, వెనక్కి తిరిగి నడిచి వెళ్ళిపోయింది. ఇరవై అడుగులు వెళ్ళాక వెనక నుంచి చప్పరింపు వినపడింది. పరిగెత్తుకుంటూ నాన్న దగ్గరికి వెళ్ళింది.

"నాయినా, వాడు తింటడు. చెయ్యి మీదికొస్తే బెదురుతడు, అంతే."

"పద్ధతి చేతిముద్దకు బిడ్డా. బండ మీది ముద్దకు గాదు."

"మొన్న పెళ్ళిల ఎవరో పెద్దమ్మ తినిపియ్యబోతే నేను మూతి తిప్పుకున్న. మరి నన్ను గూడ పంపిస్తరా?"

మైలారయ్యకి నవ్వొచ్చింది. బుగ్గయ్యకి రాలేదు. "మాటలు బాగనే నేర్చింది నీ బిడ్డ. రేపటి పొద్దు ఆఖరు" అన్నాడు.

ఆ తర్వాత మూడో పొద్దు వచ్చింది. నాన్న రాకముందే నీలవ్వ ముద్ద పట్టుకుని దొర దగ్గరికి వెళ్ళింది. తన చేతిలోంచి ఒక్కసారి తింటే, ఎవరి చేతిలోంచైనా తింటాడని ఆశ. దొర ఆవులించాడు. నీలవ్వ చూసింది. మూతి నాక్కున్నాడు. అదీ చూసింది. "నా కోసం రా, ఒక్క ముద్ద" అని ఇంకా దగ్గరికి జరిగింది. దొర ఒళ్ళంతా బిగుసుకుపోయింది, కంటి తెలుపు బయటపడింది. అదీ చూసింది బంగారూ. చూసి కూడా మెడ చుట్టూ చెయ్యి వేసి, ముద్దని మూతికి ఆనించింది.

దొర కరిచాడు. ఒక్క గాటు. వెంటనే వదిలేసి, గట్టు దాకా పోయి వణుకుతూ నిలబడ్డాడు.

జనం కర్రలు పట్టుకుని వచ్చారు. "కొట్టకుండ్రి. వాడు మూడుసార్లు వద్దన్నడు, నేనే ఇనలే" అని నీలవ్వ అడ్డం నిలబడింది.

"కుక్క వద్దనుడేంది" అన్నాడు బుగ్గయ్య.

అప్పుడు మైలారయ్య కూతురి చెయ్యి కడిగి, ఆసుపత్రికి తీసుకెళ్ళి సూది వేయించాడు. తిరిగొచ్చి దొరకి తాడు కట్టి, గుట్ట అవతల ఇంకో మందలో అప్పగించి వచ్చాడు. వెళ్ళొస్తానని చెప్పడం కుక్కకి రాదు. చెప్పడం వచ్చిన పిల్లేమో డేరాలోంచి బయటికి రాలేదు.

గాయం మానింది. ఆ ఏడు తోడేలు మూడు గొర్రెపిల్లల్ని ఎత్తుకెళ్ళింది. బుగ్గయ్య దొర ఊసే ఎత్తలేదు.

ఆ తర్వాత వానలు తగ్గాక, నీలవ్వ పోరు పడలేక మైలారయ్య ఆ పిల్లని గుట్ట అవతలికి తీసుకెళ్ళాడు. వాడి మెడ పట్టుకుని ఏడవాలని, తప్పైందని చెప్పాలని దారంతా అనుకుంటూ వెళ్ళింది. దొర చూశాడు. లేచాడు. నాలుగడుగులు అవతలికి జరిగి మళ్ళీ కూర్చున్నాడు.

"పిలువు బిడ్డా" అన్నాడు నాన్న.

"వద్దు నాయినా."

ఉన్నచోటే కూర్చుంది. పిలవలేదు, కదల్లేదు. ఏడుపొస్తే చప్పుడు రాకుండా ఏడ్చింది. చాలాసేపటికి దొర ముందుకాళ్ళ మీద తల ఆనించాడు. ఇంకాసేపటికి కళ్ళు మూసుకున్నాడు. మనిషి అంత దగ్గర్లో ఉండగా వాడు నిద్రపోవడం ఆ మందవాళ్ళు కూడా చూడలేదట.

పొద్దు వాలిందని నాన్న సైగ చేశాడు. నీలవ్వ కాళ్ళ పట్టీలు విప్పి గుప్పిట్లో పట్టుకుని, మెల్లగా లేచి వచ్చేసింది.

నిద్ర లేచాక దొర ఆ పిల్ల కోసం వెతుక్కున్నాడా అంటావా? ఏమో బంగారూ. నీలవ్వకీ తెలీదు. వాళ్ళ మంద మళ్ళీ ఆ వైపు పోలేదు. కళ్ళు తుడుచుకో.

దొర మిగిలె మందకి,
నీలవ్వ పోయె ఇంటికి,
కథ పోయె కంచికి,
నిద్దర రావే కంటికి.